చిన్న ట్రాక్టరుకు సొంత హిచ్: సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అనకాపల్లి జిల్లావే, అవీ ఒకే సంగతి గురించి. పదిహేను, పద్దెనిమిది హెచ్‌పీ చిన్న బండ్లు చెరకు తోటల్లోకీ కూరగాయల మళ్లలోకీ వచ్చేశాయి. ఇళ్ల దగ్గర ఉన్న పాత పనిముట్లేమో పెద్ద బండ్లకు చేసినవి. అందుకే రైతులు వెల్డింగ్ షాపు దారి పడుతున్నారు. పట్టాల్సిందే. పనిముట్టును బండికి తగిలించే అమరికే హిచ్; కొలత చూసుకుని కట్టిన సొంత హిచ్ కొన్నదానికి ఏమీ తీసిపోదు. అయితే ఉత్తరాలు రాసినవారు దాదాపు అందరూ "ఎంత మందం ఇనుము వేయాలి?" అని అడిగారు. "లాగుడు బరువు ఎక్కడ పడుతుంది?" అని అడిగినవారు లేరు. పిన్ను వంగినా, బండి తిరగబడినా కారణం ఈ రెండో ప్రశ్నలోనే ఉంటుంది. కాబట్టి జవాబులన్నీ అటువైపు నుంచే చెబుతాను.

"మా ఇంట్లో పెద్ద ట్రాక్టరు నాటి తొమ్మిది కర్రుల కల్టివేటర్ ఉంది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో 18 హెచ్‌పీ బండి కొన్నాను. ఆ కల్టివేటర్‌ను కోసి దీనికి తగిలించుకోవచ్చా? షాపు మేస్త్రి బండి వైపు రెండు చెవులు వెల్డింగ్ చేస్తే పని తేలిక అంటున్నాడు." – మునగపాక మండలం నుంచి ఒక చెరకు రైతు

కల్టివేటర్‌ను కోయండి, బండిని మాత్రం ముట్టుకోకండి. బండి వెనక కనిపించే ఆ పెద్ద భాగం గేర్‌బాక్సు, యాక్సిల్ కలిసిన పోత ఇనుము. పోత ఇనుము మీద మామూలు రాడ్డుతో చేసిన వెల్డింగ్ పైకి నున్నగానే కనిపిస్తుంది. చల్లారాక మాత్రం అతుకు పక్కన వెంట్రుకంత పగులు పడుతుంది. కొన్నాళ్లకు అక్కడ ఆయిలు చెమ్మ కనిపించాకే సంగతి తెలుస్తుంది. అప్పుడిక బాగు చేసేది హిచ్‌ను కాదు, హౌసింగ్‌నే. బండి వైపు ఏం బిగించాలన్నా కంపెనీ ముందే ఇచ్చిన మర రంధ్రాలకే బోల్టులతో బిగించండి. బండికి తగిలించి ఉన్న పనిముట్టు మీద కూడా వెల్డింగ్ చేయనివ్వకండి. కరెంటు బేరింగుల గుండా, ఆల్టర్నేటర్ గుండా పోతుంది. పనిముట్టును విప్పి నేల మీద పెట్టాక, ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే బిగించి చేయించండి. విప్పడం కుదరని పరిస్థితి ఉంటే కనీసం బ్యాటరీ వైర్లు తీసేయండి.

ఇక కొలతలు. మూడు చోట్ల పట్టుకునే హిచ్‌కు అంతర్జాతీయ కొలతలున్నాయి. ఒకటో కేటగిరీలో కింది పిన్ను 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ., కింది రెండు పాయింట్ల మధ్య 683 మి.మీ. రెండో కేటగిరీలో కింది పిన్ను 28, పైది 25, మధ్య దూరం 825 మి.మీ. చిన్న బండ్ల కోసం ఇరుకు కొలత ఒకటి ఉంది: పిన్నులు ఒకటో కేటగిరీవే, మధ్య దూరం మాత్రం 400 మి.మీ. మీ కల్టివేటర్ పెద్ద బండిది కాబట్టి మొదటి రెంటిలో ఏదో ఒకటై ఉంటుంది. మీ బండిది ఏ కొలతో పుస్తకం చూసి తేల్చుకోకండి. సెకండ్ హ్యాండ్ బండికి పాత యజమాని లింకులు మార్చి ఉండొచ్చు. లోయర్ లింకులను నేలకు సమాంతరంగా ఎత్తి, వాటి కొసల్లోని రెండు బాల్ రంధ్రాల మధ్య దూరం, రంధ్రం వ్యాసం, వాటి నుంచి టాప్ లింకు పిన్ను దాకా ఎత్తు టేపుతో కొలిచి, చాక్‌పీసుతో ఫ్రేము మీదే రాసుకోండి. లింకులను బలవంతంగా విడదీసి వెడల్పు పిన్నులకు తగిలిస్తే పక్క గొలుసులు బిగుసుకుపోతాయి. పనిముట్టు పైకి లేచినప్పుడు ఆ బిగువంతా బాల్ మీదే పడుతుంది.

తొమ్మిదింటిలో అయిదు కర్రులు ఉంచుకోండి, మీ బండికి అవి చాలు. మధ్య కర్రు బండి మధ్య గీత మీదే ఉండాలి, రెండు వైపులా రెండేసి. చివరి కర్రులు టైర్ల అంచుకు కాస్త బయటకు రావాలి. లేకపోతే చక్రం తొక్కిన గట్టి నేల అలాగే మిగిలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం టాప్ లింకు తగిలే నిలువు స్తంభం. చాలామంది దాన్ని ఒక్క పట్టీతో నిలబెట్టి వదిలేస్తున్నారు. దున్నేటప్పుడు నేల కర్రులను వెనక్కి పట్టుకుంటుంది. దాంతో ఫ్రేము పైభాగం ముందుకు ఒరగాలని చూస్తుంది. ఆ తోపుడంతా స్తంభం ద్వారా టాప్ లింకు మీద, అక్కడి నుంచి బండి మీద పడుతుంది. అంటే పనిలో ఉన్నప్పుడు టాప్ లింకు లాగబడదు, నెట్టబడుతుంది. పనిముట్టును పైకెత్తి రోడ్డు మీద పోతున్నప్పుడే అది లాగుడులో ఉంటుంది. అందుకే టాప్ లింకు స్థానంలో గొలుసు గానీ సన్నటి రాడ్డు గానీ పనికిరాదు. గొలుసు నెట్టుడుకు ఆగదు, సన్నటి రాడ్డు విల్లులా వంగుతుంది. రెండు వైపులా మర ఉండి పొడవు సర్దుకునే అసలు టాప్ లింకే వాడండి. స్తంభానికి రెండు పట్టీలు సమాంతరంగా నిలబెట్టి, మధ్యలో పిన్ను పట్టేలా చేయించండి. 65 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం పట్టీ అయితే ధైర్యంగా ఉండొచ్చు. స్తంభం తల నుంచి ఫ్రేము వెనక బారుకు రెండు ఏటవాలు ఊతాలు తప్పకుండా వేయించండి. ఆ ఊతాలు లేని కల్టివేటర్ స్తంభం మొదలు దగ్గర, వెల్డింగ్ గీత వెంబడే తెగుతుంది.

హ్యారీ ఫెర్గుసన్ 1920ల్లో ఈ మూడు పాయింట్ల పద్ధతిని రూపొందించడానికి కారణం కూడా ఈ తోపుడే. అంతకుముందు నాగలిని బండి వెనక ఈడ్చేవారు. నాగలి రాతికి తగిలి ఆగిపోతే బండి ముందు భాగం లేచి డ్రైవరు మీదికి తిరగబడేది. ఫెర్గుసన్ పద్ధతిలో టాప్ లింకు తోపుడు ముందు చక్రాలను నేలకు అదిమి పట్టుకుంటుంది. 1939లో ఫోర్డ్ 9ఎన్ బండితో ఇది లోకమంతా పాకింది. మీరు వెల్డింగ్ షాపులో నిలబెట్టించే స్తంభం ఆ రక్షణలో సగభాగం. అందుకే దాని గురించి ఇంతసేపు చెప్పాను.

"16 మి.మీ. రాడ్డు ముక్కను ఫ్రేముకు వెల్డింగ్ చేసి లోయర్ లింకు పిన్నుగా పెట్టాం. రెండెకరాలు దున్నేలోగా వంగిపోయింది. 20 వేయమంటారా, 25 వేయమంటారా?" – కశింకోట

మీ బాల్ రంధ్రం ఎంత ఉంటే పిన్ను అంతే ఉండాలి. అందులో మనకు ఎంపిక లేదు. రంధ్రం 22 ఉంటే 16 మి.మీ. పిన్ను లోపల ఊగుతూ ప్రతి కుదుపుకూ దెబ్బ తింటుంది. ముందు ఆ తేడా పోగొట్టండి.

ఇప్పుడు అది ఎందుకు వంగిందో లెక్క చూద్దాం. 16 మి.మీ. మామూలు ఇనుప రాడ్డును అడ్డంగా కత్తిరించాలంటే మూడు టన్నులకు పైగా బలం కావాలి. మీ బండి అంత లాగలేదు. కాబట్టి అది తెగదు. కానీ ఒక చివరే అతికి, రెండో చివర గాలిలో ఉన్న పిన్ను మీద, మొదలు నుంచి 50 మి.మీ. దూరంలో లాగుడు పడితే, సుమారు 200 కిలోలకే అది వంగడం మొదలుపెడుతుంది. చిన్న బండి గట్టి నేలలో ఒక్కో లింకు మీద ఆ బరువు వేసేయగలదు. అదే పిన్నుకు రెండో చివర కూడా ఒక పట్టీ ఇచ్చి, రెండు చెవుల మధ్య బాల్ ఉండేలా చేస్తే, అదే రాడ్డు దాదాపు నాలుగింతలు ఓర్చుకుంటుంది. మందం 16 నుంచి 22కు పెంచితే వచ్చే లాభం రెండున్నర రెట్లు. రెండూ చేయండి. ఒక్కటే చేయగలిగితే రెండో చెవి వేయించండి.

పిన్నుకు ఇళ్ల స్లాబుల్లో వేసే టీఎంటీ కమ్మీ వద్దు. దాని గాడులు బాల్‌ను కొరికేస్తాయి. లేత్ షాపులో ఈఎన్-8 రాడ్డు అడిగి తిప్పించండి. ఈ ఉక్కును తిన్నగా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన పెళుసెక్కుతుంది. అందుకని పిన్నుకు భుజం ఉంచి, చివర మర కోయించి, పట్టీకి నట్టుతో, స్ప్రింగ్ వాషరుతో బిగించండి. పొలంలో మొదటి గంట పని అయ్యాక ఆ నట్టు మళ్లీ ఒకసారి బిగించాలి. కొత్త రంగు, కొత్త ఇనుము నలిగి అక్కడ వదులు వస్తుంది.

పట్టీలో రంధ్రం గ్యాస్ కటింగ్‌తో కోయనివ్వకండి. గ్యాస్ కోసిన రంధ్రాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. అంచు మెట్లుమెట్లుగా ఉంటుంది. పిన్ను రెండు మూడు చోట్ల మాత్రమే ఆనుతుంది. ఆ గుబ్బలు నలిగేకొద్దీ రంధ్రం లాగుడు వైపు కోలగా సాగుతుంది. డ్రిల్లు వేయించి, వీలైతే బుష్ ఎక్కించండి. అరిగితే బుష్ మార్చుకోవచ్చు, పట్టీ మిగులుతుంది.

లారీ కమాను పట్టీలతో కర్రులు చేస్తే ఎలా ఉంటుందని కూడా అడిగారు. మంచి ఉక్కే. కానీ దానికీ వెల్డింగ్ గిట్టదు. యూ క్లాంపులతో బారుకు బిగించండి. ఒక్కో కర్రుకు రెండు బోల్టులు వేసి, వాటిలో ఒకటి సన్నగా, మామూలు రకంది ఉంచండి. పాత తాటి మొద్దుకు తగిలితే ఆ సన్న బోల్టు తెగి కర్రు వెనక్కి మడుచుకుంటుంది. పోయేది పది రూపాయల బోల్టు, ఫ్రేము కాదు.

"జీడిమామిడి తోటలో ఎండిన చెట్ల మొద్దులు పీకాలి. టాప్ లింకు పిన్నుకు గొలుసు కట్టి లాగితే ఎత్తు బాగా వస్తుందని ఒకరు చెప్పారు. నిజమేనా?" – మాడుగుల

ఈ పని చేయకండి. ఆ సలహా ఇచ్చినవారికీ చెప్పండి. వెనక యాక్సిల్ కంటే పైన కట్టిన గొలుసు బండిని వెనక్కి తిరగేస్తుంది. మొద్దు కదలదు, చక్రాలు నేలను పట్టి ఆగిపోతాయి. అప్పుడు ఇంజను బలమంతా బండి ముందు భాగాన్ని పైకి లేపడానికే పోతుంది. క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు. ఈడ్చేదేదైనా యాక్సిల్‌కు దిగువన ఉన్న డ్రాబార్‌కే కట్టాలి. పనిముట్టు తీసేసి, లింకులకు అడ్డంగా ఒక రాడ్డు వేసి దానికి గొలుసు కట్టడం కూడా ప్రమాదమే. హైడ్రాలిక్ లివరు పొరపాటున తగిలి లింకులు లేస్తే లాగుడు చోటు కూడా పైకి పోతుంది. పాతుకుపోయిన మొద్దులకు చిన్న బండి సరిపోదు, జేసీబీని పిలిపించండి.

"పవర్ టిల్లర్‌కు రోటరీ విప్పేసి, చెరకుకు మట్టి ఎగదోసే రిడ్జరు తగిలించాను. పనిలోకి దిగితే ముక్కు లేచిపోతోంది, హ్యాండిల్ నా చేతుల్లో కుంగిపోతోంది. రిడ్జరు బరువు తగ్గించాలా?" – చోడవరం

బరువు కొంత కారణమే. ఎక్కువ పాలు హిచ్ ఎత్తుది. రిడ్జరు ఎంత పైనుంచి లాగితే ముక్కు అంత లేస్తుంది. మీ హిచ్ పిన్ను పట్టే పట్టీకి కిందుగా రెండు మూడు రంధ్రాలున్న నిలువు పట్టీ ఒకటి జోడించి, ఒక్కో రంధ్రం దించుతూ చూడండి. రిడ్జరును యాక్సిల్‌కు వీలైనంత దగ్గరగా జరపండి. దూరంగా ఉంటే దాని బరువు, మట్టిలోకి గుచ్చుకునే లాగుడు రెండూ కలిసి హ్యాండిల్‌ను కిందికి తొక్కుతాయి. రోటరీ తీసేయడంతో బండి బరువు కూడా తగ్గింది. అందుకని ముందు బంపరుకు బరువులు వేలాడదీయండి. ఇసుక సంచి కట్టకండి, కుదుపులకు జారి చక్రంలో పడుతుంది. ఇనుప దిమ్మలు బోల్టుతో బిగించండి.

హిచ్ పక్కలకు కాస్త ఆడాలి. పూర్తిగా బిగించేస్తే సాలు చివర తిరిగేటప్పుడు రిడ్జరు మొక్కలను ఊడ్చేస్తుంది. పూర్తిగా వదిలేస్తే సాలులో పాములా పోతుంది. రెండు వైపులా అడ్డు బోల్టులు పెట్టి ఆ ఊగును మీ సాలు వెడల్పుకు సర్దుకోండి.

సాళ్ల దూరం మీరు రాయలేదు. మన వైపు మామూలుగా వేసే 80 సెం.మీ. సాళ్లలో నాలుగో నెల ఆకు కమ్ముకున్నాక టిల్లర్ దూరడమే కష్టం. గడలను ఆకులతో చుట్టి కట్టే జడచుట్టు వేశాక అసలు కుదరదు. వచ్చే ఏడు కొత్త మొక్క తోట వేసేటప్పుడే యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని వెడల్పు సాళ్లు గానీ జంట సాళ్లు గానీ వేయండి. 1913 నుంచి చెరకు మీద పనిచేస్తున్న అనకాపల్లి పరిశోధనా స్థానం మీకు దగ్గరే. ఏ రకానికి ఎంత దూరం పనికొస్తుందో అక్కడి శాస్త్రవేత్తలను అడిగాకే సాలు గీయండి. హిచ్‌ను ఎంత బాగా చేసినా ఇరుకు సాలును అది వెడల్పు చేయలేదు.

"పాత మోటారు సైకిల్‌కు గొర్రు కట్టిన రైతు గురించి విన్నాను. అది నిజంగా పనిచేస్తుందా?" – యలమంచిలి నుంచి ఒక ఐటీఐ విద్యార్థి

పనిచేసింది. గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లా రైతు మన్సుఖ్‌భాయ్ జగానీ 1994లో బుల్లెట్ బండి వెనక చక్రం తీసేసి, ఆ స్థానంలో రెండు చక్రాలు, వాటి వెనక పనిముట్లు బిగించే అడ్డ బారు పెట్టాడు. దాన్ని బుల్లెట్ సాంతి అంటారు. విత్తనం వేయడానికీ, కలుపు తీయడానికీ, తేలిక దుక్కికీ అది సరిపోయింది. ఆయన పనిలో మీరు గమనించాల్సింది ఆ అడ్డ బారు. పనిముట్టు మారినప్పుడల్లా హిచ్ మార్చకుండా, ఒకే బారుకు క్లాంపులతో రకరకాల కర్రులు బిగించుకునేలా చేశాడు. మీరు ప్రాజెక్టుగా చేయదలిస్తే అక్కడి నుంచి మొదలుపెట్టండి. అయితే అది తేలిక నేలల పద్ధతి. తడి ఆరని మన బరువు నేలల్లో లోతు దుక్కి దాంతో ఆశించకండి.

"మా చిన్న బండికి హైడ్రాలిక్ లేదు. చేత్తో ఎత్తే లివరు చేయించుకోవచ్చా? పనిముట్టు 60 కిలోలు ఉంటుంది." – దేవరాపల్లి

చేయించుకోవచ్చు. మీ పనిముట్టు బరువు కీలు నుంచి 70 సెం.మీ. వెనక ఉందనుకుందాం. ఎత్తే రాడ్డు 35 సెం.మీ. దగ్గర తగిలితే ఆ రాడ్డు మీద 120 కిలోలు పడుతుంది. లివరు పొట్టి చేయి 10 సెం.మీ., పొడుగు చేయి ఒక మీటరు పెడితే మీ చేతికి వచ్చేది 12 కిలోలు. ఒక మనిషి రోజంతా చేయగలిగిన పనే. కానీ లివరు కొన 80 సెం.మీ. కదిలితే పనిముట్టు లేచేది 16 సెం.మీ. మాత్రమే. గట్టు దాటడానికి చాలదు, సాలు చివర తిరగడానికి సరిపోతుంది. ఎక్కువ ఎత్తు కావాలంటే చేతి మీద బరువూ పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య మీకు తగినది మీరే తేల్చుకోవాలి. స్ప్రింగు తోడు పెడితే కొంత తేలికపడుతుంది.

లివరు ఆగడానికి పళ్ల పట్టీ, దానిలో పడే గొళ్లెం కావాలి. పళ్లు ఏటవాలుగా కాకుండా, బరువు వైపు నిటారుగా కోయించండి. ఏటవాలు పన్ను మీద గొళ్లెం జారితే లివరు చేతినీ దవడనూ కొడుతుంది. గొళ్లెం పట్టుకుని ఉన్నా సరే, ఎత్తి ఉంచిన పనిముట్టు కిందికి చెయ్యి పెట్టకండి. ముందు కింద దుంగ పెట్టండి.

పాత సిలిండరు, రబ్బరు గొట్టాలు కొని సొంతంగా హైడ్రాలిక్ చేద్దామని కూడా రాశారు. అది వద్దు. ఒత్తిడిలో ఉన్న ఆయిలు సూది మొనంత చిల్లు నుంచి చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా అది ఆపరేషను అవసరమయ్యే గాయం.

"మా వారు వలస పనికి వెళ్లారు. బండి నేనే నడుపుతున్నాను. కల్టివేటర్ ఒక్కదాన్నే తగిలించుకోవడం చాలా కష్టంగా ఉంది. తేలిక పద్ధతి ఉందా? ఆ పద్ధతి రోటవేటర్‌కు కూడా పట్టేలా చేయించుకోవచ్చా?" – రావికమతం మండలం నుంచి ఒక సోదరి

అమ్మా, కష్టం బలం చాలక కాదు, వరుస తప్పడం వల్ల. పనిముట్టును ఎప్పుడూ చదునైన గట్టి నేల మీదే విప్పి పెట్టండి. కింద రెండు చెక్క దిమ్మలు ఉంచితే పిన్నులు మీ లింకుల ఎత్తుకే ఉంటాయి. తగిలించేటప్పుడు ముందు ఎడమ లోయర్ లింకు, తరవాత కుడిది, చివర టాప్ లింకు. కుడి లింకుకు ఎత్తు సర్దే మర ఉంటుంది కాబట్టి, ఎడమది బిగిశాక కుడిదాన్ని మర తిప్పి రంధ్రానికి తెచ్చుకోవచ్చు. టాప్ లింకు పొడవును కూడా చేత్తో తిప్పి సరిచేసుకోవచ్చు. విప్పేటప్పుడు ఇదే వరుస తిరగేయండి. బండిని వెనక్కి తెస్తున్నప్పుడు బండికీ పనిముట్టుకూ మధ్య ఎవరినీ నిలబడనివ్వకండి, పిల్లలనైతే అసలే వద్దు. పిన్నులు జారకుండా వేసే లించ్ పిన్నులను చిన్న గొలుసుతో ఫ్రేముకే కట్టేయండి, మట్టిలో వెతుక్కునే బాధ తప్పుతుంది.

షాపు మేస్త్రి ఒప్పుకుంటే ముక్కోణపు ఫ్రేము జత ఒకటి చేయించండి. ఒకటి బండి లింకులకు ఎప్పుడూ ఉంటుంది, రెండోది పనిముట్టుకు. బండి వెనక్కి తెచ్చి కిందికి దించి, పైకెత్తితే ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. ఆపైన ఒక గొళ్లెం వేస్తే సరి. ఒంటరిగా పనిచేసేవారికి ఇంతకంటే మంచి ఖర్చు లేదు. రెండు ముక్కోణాలూ ఒకే అచ్చు మీద, ఒకే రోజు చేయించాలి. తేడా వస్తే కూర్చోవు.

రోటవేటర్‌కు మాత్రం ఈ ఫ్రేము వాడకండి. ఫ్రేము జోడిస్తే రోటవేటర్ బండి నుంచి కొంత వెనక్కి జరుగుతుంది. దాంతో ఇంజను బలాన్ని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టులో రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఉండే భాగం తగ్గిపోతుంది. పనిలో ఉన్నప్పుడు గొట్టం పొడవులో మూడో వంతైనా లోపల ఉండాలి. అది తగ్గితే షాఫ్టు ఊడి కొరడాలా తిరుగుతుంది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. దాని మీద ప్లాస్టిక్ తొడుగు లేకుండా బండి స్టార్టు చేయకండి. చీర కొంగు నడుముకు గట్టిగా దోపుకోండి, వీలైతే పైన చొక్కా వేసుకోండి. షాఫ్టు దగ్గర ఏ పని చేయాలన్నా ఇంజను ఆపి, తాళం చెవి తీసి మీ దగ్గర పెట్టుకున్నాకే దిగండి.